టెస్ట్‌లో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా? 40 శాతం వాన అంటే గొడుగు అక్కర్లేదా?.. ఈ ఒక్క ప్రశ్న అడిగితే లెక్క తేలిపోతుంది!

వాన కబురు నుంచి ల్యాబ్ రిపోర్ట్ దాకా.. క్యాంపస్ ప్యాకేజీల నుంచి బెట్టింగ్ యాప్‌ల దాకా.. రోజూ మన ఫోన్‌లోకి వచ్చే శాతాలను ఎలా చదవాలి? ఇంటర్‌తోనే వదిలేసిన ప్రాబబిలిటీ ఇక్కడ ఎలా పనికొస్తుంది? చిన్న చిన్న లెక్కలతో చూద్దాం.

పొద్దున్నే ఫోన్ తీస్తే చాలు.. వెదర్ యాప్‌లో '40 శాతం వాన' అని ఉంటుంది. ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరిదో ల్యాబ్ రిపోర్ట్ ఉంటుంది. ఫ్రెండ్ స్టేటస్‌లో 'ఒక్కరోజులో 18 వేలు ప్రాఫిట్' అంటూ స్క్రీన్‌షాట్ ఉంటుంది. అన్నిట్లోనూ అంకెలే. ఆ అంకెలు చూసే గొడుగు తీసుకెళ్లాలో లేదో, భయపడాలో వద్దో, డబ్బులు పెట్టాలో వద్దో డిసైడ్ చేసుకుంటాం.

చాలామంది పొరబడేది ఇక్కడే. లెక్కలు రాక కాదు.. అడగాల్సిన ప్రశ్న అడగక. ఆ ప్రశ్న ఇదే: 'ఎంతమందిలో ఎంతమందికి?' వాన విషయమైతే 'ఎన్ని రోజుల్లో ఎన్ని రోజులు?' శాతాన్ని ఇలా మనుషుల్లోకో, రోజుల్లోకో మార్చుకుంటే సగం కన్ఫ్యూజన్ అక్కడే పోతుంది. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

40 శాతం వాన అంటే ఏంటి?

రోజులో 40 శాతం టైమ్ వాన పడుతుందని కాదు. ఇవాళ్టిలాంటి వాతావరణం ఉన్న రోజులు 10 తీసుకుంటే.. అందులో సుమారు 4 రోజులు మీ ఏరియాలో వాన పడుతుంది, 6 రోజులు పడదు అని అర్థం. అందుకే ఇవాళ వాన పడలేదని 'ఫోర్‌కాస్ట్ తప్పింది' అనలేం. 40 శాతం అని చెప్పిన రోజులన్నీ కలిపి చూసినప్పుడు, వాటిలో దాదాపు 40 శాతం రోజులు వాన పడిందా లేదా అన్నదే అసలు పరీక్ష.

మరి గొడుగు సంగతేంటి? అది శాతం ఒక్కటే చెప్పదు. తడిస్తే ఎంత నష్టమో కూడా చూడాలి. ఆఫీస్‌కు వెళ్లేవాళ్లకు 40 శాతం అంటే మహా అయితే చొక్కా తడుస్తుంది. కల్లంలో వడ్లు ఆరబోసిన రైతుకు అదే 40 శాతం అంటే సీజన్ కష్టమంతా నీళ్లపాలు కావచ్చు. టార్పాలిన్ కప్పడానికి పట్టే శ్రమ తక్కువ, కప్పకపోతే వచ్చే నష్టం ఎక్కువ. కాబట్టి 20 శాతం ఛాన్స్ ఉందన్నా ఆ రైతు కప్పడమే కరెక్ట్.

ఇంకో విషయం. మన టీవీ బులెటిన్లలో 'ఒకటి రెండు చోట్ల', 'కొన్ని చోట్ల', 'చాలా చోట్ల' అని వినిపిస్తూ ఉంటుంది. ఇవి ఏదో వాడుకగా అనే మాటలు కావు. భారత వాతావరణ శాఖ దగ్గర వీటికి లెక్క ఉంది. ఒక ప్రాంతంలోని వర్షపాతం నమోదు చేసే కేంద్రాల్లో 25 శాతం వరకు వాన పడితే 'ఒకటి రెండు చోట్ల' అంటారు. 26 నుంచి 50 శాతమైతే 'కొన్ని చోట్ల', 51 నుంచి 75 శాతమైతే 'చాలా చోట్ల'. అది కూడా దాటితే 'దాదాపు అన్ని చోట్ల'. ఇది ఎన్ని చోట్ల పడుతుందన్న లెక్క. యాప్‌లో కనిపించే శాతం మీరున్న చోట పడే ఛాన్స్ ఎంతన్న లెక్క. రెండూ ఒకటి కాదు.

20 టాస్‌లు ఓడితే.. 21వది గెలుస్తామా?

2023 నవంబర్ 19. అహ్మదాబాద్‌లో వన్డే వరల్డ్ కప్ ఫైనల్. ఆ రోజు టాస్ ఓడిన టీమిండియా.. ఆ తర్వాత వన్డేల్లో ఓడుతూనే పోయింది. వరుసగా 20 టాస్‌లు! చివరికి 2025 డిసెంబర్ 6న మన విశాఖలో సౌతాఫ్రికాతో మ్యాచ్‌లో కేఎల్ రాహుల్ టాస్ గెలిచాక గానీ ఆ వరుసకు బ్రేక్ పడలేదు.

ముందే చెప్పి వరుసగా 20 టాస్‌లు ఓడటం అంటే 10,48,576 సార్లలో ఒక్కసారి జరిగేంత అరుదు. సరే, మరి 20 ఓడాక విశాఖలో గెలిచే ఛాన్స్ ఎంత? 'ఇన్నిసార్లు ఓడాం కాబట్టి ఈసారి గ్యారంటీ' అనిపిస్తుంది. కానీ లెక్క ప్రకారం 50 శాతమే. మొదటి టాస్‌కు ఎంతో 21వ టాస్‌కూ అంతే. పాత టాస్‌లు నాణేనికి గుర్తుండవు కదా!

'ఇన్నిసార్లు ఇటు పడింది, ఇక అటే పడాలి' అనే ఈ నమ్మకం చాలా పాతది. 1913 ఆగస్టు 18న మాంటెకార్లో క్యాసినోలో రౌలెట్ బంతి వరుసగా 26 సార్లు నల్ల గడిలోనే ఆగింది. 'ఇక వచ్చేది ఎరుపే' అంటూ పందెం పెంచుకుంటూ పోయినవాళ్లు భారీగా పోగొట్టుకున్నారు. నూరేళ్లు దాటినా అదే నమ్మకం ఇప్పుడు ఫోన్‌లో కూర్చుని జేబులు ఖాళీ చేస్తోంది.

ఓడిన ప్రతిసారీ డబుల్ చేస్తే రికవరీ అవుతుందా?

బెట్టింగ్ యాప్‌లకు అలవాటుపడ్డవాళ్లు నమ్మే ట్రిక్ ఒకటుంది. 'ఓడిన ప్రతిసారీ పందెం డబుల్ చెయ్.. ఒక్కసారి గెలిస్తే పోయిందంతా వచ్చేస్తుంది'. వినడానికి బాగానే ఉంటుంది. లెక్క వేసి చూద్దాం.

సగం సగం ఛాన్స్ ఉన్న ఆటలో 100 రూపాయలు కాస్తే, గెలిచినప్పుడు చేతికి 190 వస్తుందనుకుందాం. మిగతా 10 ఆట నడిపేవాళ్లకు. అలా 100 సార్లు ఆడితే మీరు పెట్టేది 10,000. సగటున 50 సార్లు గెలిస్తే వచ్చేది 9,500. అంటే కాసే ప్రతి 100కు సగటున 5 రూపాయలు పోతూనే ఉంటాయి. ఇప్పుడు డబుల్ ట్రిక్ పెడదాం.

- మొదటిసారే గెలిస్తే: 90 రూపాయల లాభం
- ఒకసారి ఓడి, 200 కాసి గెలిస్తే: 80 లాభం
- రెండుసార్లు ఓడి, 400 కాసి గెలిస్తే: 60 లాభం
- మూడుసార్లు ఓడి, 800 కాసి గెలిస్తే: 20 లాభం
- నాలుగుసార్లు ఓడి, 1,600 కాసి గెలిస్తే: 60 రూపాయలు నష్టం!

చూశారుగా.. ఐదోసారి గెలిచినా నష్టమే. ఇక వరుసగా 10 సార్లు ఓడితే పోయేది 1,02,300 రూపాయలు. అలా జరిగే ఛాన్స్ 1,024లో ఒకటి. 'తక్కువే కదా' అనుకుంటాం. కానీ రోజుకు 10 రౌండ్ల చొప్పున 100 రోజులు ఆడితే 1,000 రౌండ్లు అవుతాయి. ఆ వెయ్యిలో కనీసం ఒక్కసారైనా 10 వరుస ఓటములు తగిలే ఛాన్స్ 60 శాతం దాటుతుంది. ప్రతి రౌండ్‌లోనూ మహా అయితే వచ్చే 90 చొప్పున లాభం వేసుకున్నా వెయ్యి రౌండ్లకు 90 వేలే. ఒక్క దెబ్బకు పోయేది లక్షా 2 వేలు. అదృష్టం బాగాలేక కాదు.. ఆట లెక్కే అంత.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ 2017లో, ఏపీ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంట్ కూడా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇంట్లో ఎవరైనా ఈ ఊబిలో చిక్కుకుని అప్పులతో నలిగిపోతుంటే తిట్టడం కంటే ముందు మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా కౌన్సెలింగ్ దొరుకుతుంది.

ప్రాఫిట్ స్క్రీన్‌షాట్ వెనక ఎంతమంది?

స్టేటస్‌లో కనిపించిన 18 వేల ప్రాఫిట్ నిజమే కావచ్చు. కానీ మన ప్రశ్న అడుగుదాం.. ఎంతమందిలో ఎంతమందికి?

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో ఒక స్టడీ విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో ట్రేడింగ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది.

అంటే 100 మందిలో 93 మందికి నష్టం. కానీ నష్టం వచ్చినవాళ్లు స్క్రీన్‌షాట్ పెట్టరు కదా. మిగిలిన ఏడుగురివే మన ఫోన్‌లో తిరుగుతాయి. అవి చూసి 'అందరూ సంపాదిస్తున్నారు, నేనే మిస్ అవుతున్నా' అనుకుంటాం. స్టాటిస్టిక్స్‌లో దీన్నే సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు. మిగిలినవాళ్లను మాత్రమే చూసి, మునిగినవాళ్లను లెక్కలో మర్చిపోవడం.

రిపోర్ట్‌లో పాజిటివ్.. భయపడాలా?

ఇది అన్నిటికంటే ముఖ్యమైంది. కాస్త నెమ్మదిగా చదవండి.

ఏ లక్షణాలూ లేని మీ నాన్నగారు హెల్త్ చెకప్‌లో ఒక టెస్ట్ చేయించుకున్నారనుకుందాం. ఆ టెస్ట్ 90 శాతం కరెక్ట్. జబ్బు ఉన్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 100 మందిలో 10 మందికి మాత్రం పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. ఆయన వయసువాళ్లలో ఆ జబ్బు 100 మందిలో ఒకరికి ఉంటుందనుకోండి. రిపోర్ట్ పాజిటివ్ వచ్చింది. జబ్బు నిజంగా ఉండే ఛాన్స్ ఎంత?

'90 శాతం' అనేస్తాం. ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ఇప్పుడు శాతాలు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెడదాం. 1,000 మందిని తీసుకోండి.

- జబ్బు ఉన్నవాళ్లు 10 మంది. వాళ్లలో 9 మందికి పాజిటివ్ వస్తుంది.
- జబ్బు లేనివాళ్లు 990 మంది. వాళ్లలో 99 మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది.
- మొత్తం పాజిటివ్‌లు 108. వాళ్లలో నిజంగా జబ్బు ఉన్నది 9 మందికే.

అంటే 12 మందిలో ఒకరికి. 90 శాతం కాదు.. 8 శాతం పైచిలుకు! టెస్ట్ చెడ్డదేమీ కాదు. జబ్బు లేనివాళ్లు ఎక్కువమంది ఉండటంతో, వాళ్లలో వచ్చే చిన్న పొరపాటు కూడా పెద్ద సంఖ్య అయిపోతుంది.

అలాగని పాజిటివ్ వస్తే పట్టించుకోవద్దని కాదు. టెస్ట్‌కు ముందు ఆయనకున్న రిస్క్ 100లో 1, ఇప్పుడు 12లో 1. ఎనిమిది రెట్లు పెరిగింది. కాబట్టి డాక్టర్‌ను కలిసి, నిర్ధారణ కోసం రెండో టెస్ట్ చేయించుకోవాల్సిందే. మన దేశంలో లక్షణాలు లేనివాళ్లకు హెచ్ఐవీ నిర్ధారించడానికి ఒక్క టెస్ట్‌తో సరిపెట్టకుండా మూడు వేర్వేరు కిట్లతో పరీక్షించడం వెనకున్న లెక్క కూడా ఇదే.

ఇంకో కోణం కూడా ఉంది. అదే టెస్ట్‌ను గట్టి లక్షణాలతో ఆస్పత్రికి వచ్చినవాళ్లకు చేశారనుకోండి. అలాంటివాళ్లలో సగం మందికి జబ్బు ఉంటుందనుకుంటే.. 1,000 మందిలో 500 మందికి జబ్బు. వాళ్లలో 450 మందికి పాజిటివ్. జబ్బు లేని 500 మందిలో 50 మందికి పాజిటివ్. అంటే 500 పాజిటివ్‌లలో 450 నిజమైనవే.. 90 శాతం! టెస్ట్ అదే, మారింది ఎవరికి చేశారన్నదే. డాక్టర్ రిపోర్ట్ చూసే ముందు 'జ్వరం ఉందా? ఇంట్లో ఎవరికైనా ఉందా?' అని అన్ని ప్రశ్నలు అడిగేది ఇందుకే.

మరి ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఒకటో రెండో వాల్యూలు బోల్డ్‌లో వచ్చి భయపెడతాయి కదా? దానికీ ఓ లెక్క ఉంది. రక్తపరీక్షల్లో 'నార్మల్ రేంజ్'ను సాధారణంగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది అందులోకి వచ్చేలా పెడతారు. అంటే ఏ జబ్బూ లేకపోయినా 20 మందిలో ఒకరు ఆ రేంజ్ బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయించుకుంటే.. పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒకటి రేంజ్ దాటే ఛాన్స్ 64 శాతం. రేంజ్‌కు కొంచెం అటూ ఇటూ ఉన్న అంకె చూసి గూగుల్‌లో వెతకడం కంటే డాక్టర్‌కు చూపించడం మేలు.

'రిస్క్ డబుల్'.. ఎంత నుంచి ఎంతకి?

'ఇది తింటే ఆ రిస్క్ రెట్టింపు' లాంటి హెడ్డింగ్‌లు మీరు చాలా చూసి ఉంటారు. నిజం చెప్పాలంటే మాలాంటి న్యూస్ సైట్లకు 'డబుల్' అనే మాట అంటే కాస్త ఇష్టం కూడా! కానీ డబుల్ అన్న మాటలో సగం సమాచారమే ఉంటుంది. 100లో 20 నుంచి 40కి పెరిగినా డబులే. 10,000లో 1 నుంచి 2కు పెరిగినా డబులే.

1995లో బ్రిటన్‌లో ఇదే జరిగింది. కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది. భయంతో చాలామంది మహిళలు మాత్రలు మానేశారు. అసలు లెక్క ఏంటంటే.. ముప్పు 7,000 మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరిగింది. ఆ భయంతో వచ్చిన అవాంఛిత గర్భాల కారణంగా తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. '7,000 మందిలో ఇంకొక్కరికి' అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే చాలామంది కంగారు పడేవాళ్లు కాదు.

యావరేజ్ ప్యాకేజీ 8 లక్షలు.. నిజమేనా?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ టైమ్‌లో ప్రతి ఫ్లెక్సీ మీదా కనిపించే అంకె ఇది. ఒక బ్యాచ్‌లో 10 మందికి ఉద్యోగాలు వచ్చాయనుకుందాం. 9 మందికి ఏడాదికి 4 లక్షలు, ఒక్కరికి 44 లక్షలు. మొత్తం 80 లక్షలు, 10 మందితో భాగిస్తే సగటు 8 లక్షలు. అబద్ధం ఏమీ లేదు. కానీ 8 లక్షల జీతం ఆ పది మందిలో ఒక్కరికీ లేదు!

అదే 10 మందిని జీతం ప్రకారం వరుసగా నిలబెట్టి మధ్యలో ఉన్నవాళ్ల జీతం చూస్తే 4 లక్షలే. దీన్నే మీడియన్ అంటారు. స్కూల్లో 'మధ్యగతం' అని చదువుకున్నాం గుర్తుందా.. అదే. జీతాలు, ఇళ్ల ధరలు, ఆస్తుల విషయంలో ఒకరిద్దరు చాలా ఎక్కువలో ఉంటారు కాబట్టి సగటు కంటే మధ్యగతమే అసలు పరిస్థితి చెబుతుంది.

కాలేజీ చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగండి. బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది? వాళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? మీడియన్ ప్యాకేజీ ఎంత? కేంద్ర విద్యాశాఖ ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే కాలేజీలు ఇచ్చే డేటాలో ఈ మూడూ ఉంటాయి. ఫ్లెక్సీ కంటే ముందు అది చూడండి.

వెయ్యి మందిని అడిగి కోట్ల మంది మాట చెప్పొచ్చా?

చెప్పొచ్చు.. సరిగ్గా అడిగితే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి అమ్మ రెండు మెతుకులు నలిపి చూస్తుంది తప్ప గిన్నె మొత్తం తినదు కదా. సర్వే కూడా అంతే. లాటరీ తీసినట్టు ఎవరినైనా సమానంగా ఎంచుకుంటే 400 మందితో 5 శాతం అటూ ఇటూగా, 1,000 మందితో 3 శాతం అటూ ఇటూగా ఫలితం తెలుస్తుంది.

కానీ పులిహోర సరిగ్గా కలపకుండా పైనుంచి ఒక ముద్ద తీసి ఉప్పు చూస్తే? అడుగున ఏముందో తెలియదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి మరీ ఆల్ఫ్ లాండన్ గెలుస్తారని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. ఎందుకంటే ఆ పత్రిక ఎక్కువగా ఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి పేర్లు తీసుకుంది. ఆ రోజుల్లో ఫోన్, కారు ఉన్నవాళ్లంటే డబ్బున్నవాళ్లే. దానికంటే ఎంతో చిన్న సర్వేతో జార్జ్ గాలప్ మాత్రం రూజ్‌వెల్టే అని సరిగ్గా చెప్పారు.

సోషల్ మీడియాలో 'లక్ష మంది ఓటేశారు' అని తిరిగే పోల్స్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎంతమంది అన్నదానికంటే ముందు ఎవరిని అడిగారన్నది చూడాలి.

ఈ లెక్కల్లో మన తెలుగువాడు

ఈ రంగంలో ప్రపంచమంతా తెలిసిన పేరు సీఆర్ రావు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. చేతిలో ఉన్న డేటాతో ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికో హద్దు ఉంటుందని 1945లో ఆయన చూపించారు. దాన్నే క్రామర్-రావు హద్దు అంటారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరుతో ఇన్‌స్టిట్యూట్ ఉంది.

ఇవి గుర్తుపెట్టుకుంటే చాలు

- శాతం కనిపిస్తే 'ఎంతమందిలో ఎంతమంది?' అని 1,000 మందితో లెక్క వేయండి.
- 'డబుల్', 'ట్రిపుల్' అంటే 'ఎంత నుంచి ఎంతకి?' అని అడగండి.
- 'సగటు' అంటే 'మధ్యగతం ఎంత?' అని అడగండి.
- గెలిచినవాళ్లు కనిపిస్తే ఓడినవాళ్లు ఎంతమందో వెతకండి.
- ఓడాక 'ఈసారి గ్యారంటీ' అనిపిస్తే విశాఖ టాస్ గుర్తుచేసుకోండి.. ఛాన్స్ మళ్లీ మొదటి నుంచే.
- రిపోర్ట్‌లో పాజిటివ్ వస్తే కంగారు వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. రెండో టెస్ట్, డాక్టర్ సలహా తప్పనిసరి.

ఇందులో పెద్ద ఫార్ములా ఏదీ లేదు. కూడికలు, భాగహారాలే. ఈసారి ఫ్యామిలీ గ్రూప్‌లో భయపెట్టే అంకె ఏదైనా వస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగి, కాగితం మీద 1,000 అని రాసి లెక్క మొదలుపెట్టండి.